ఐర్లాండ్‌లో అద్దె ఇంటి లోకల్ ప్రాపర్టీ టాక్స్ అద్దెదారు కట్టాలా?

2025 నవంబరు 1ని బాధ్యతా తేదీగా (పన్నుకు ఎవరు బాధ్యులో తేల్చే రోజుగా) తీసుకునే 2026 లోకల్ ప్రాపర్టీ టాక్స్‌ను (ఇళ్ల మీద ఏటా వేసే పన్నును) నన్ను చెల్లించమని మా ఇంటి యజమాని ఈమెయిల్ పంపారు. మాది ఏడాది ఒప్పందం. అందులో "ఇంటికి సంబంధించిన పన్నులు, ఛార్జీలు అద్దెదారువే" అన్న వాక్యం ఉంది గానీ ఈ పన్ను పేరు ఎక్కడా లేదు.

సాధారణంగా ఈ పన్ను యజమానిదేననీ, లీజు 20 ఏళ్లు లేదా అంతకు మించి ఉన్నప్పుడే అద్దెదారు మీద పడుతుందనీ ఐర్లాండ్ పన్నుల శాఖ అయిన రెవెన్యూ నిబంధనల్లో ఉన్న భాగాన్ని ఆయనకు పంపాను. ప్రభుత్వానికి ఎవరు బాధ్యులైనా, సంతకం చేసిన ఒప్పందం ప్రకారం ఆ సొమ్ము నేనే తిరిగి ఇవ్వాలన్నది ఆయన జవాబు. అద్దె, కరెంటు బిల్లులు సకాలంలోనే కడుతున్నాను. అద్దెకు అదనంగా మరో మొత్తాన్ని ఈ దారిలో రాబట్టడం న్యాయంగా తోచడం లేదు. ఏజెంటును అడిగితే యజమానితోనే తేల్చుకోమన్నారు.

అద్దె వివాదాలు పరిష్కరించే రెసిడెన్షియల్ టెనెన్సీస్ బోర్డులో ఫిర్యాదు చేసేలోగా, ఇలాంటి వివాదం చూసినవారిని అడుగుతున్నాను: ఒప్పందంలోని ఆ సాధారణ వాక్యం ఆధారంగా యజమాని ఈ పన్నును నా నుంచి చట్టబద్ధంగా వసూలు చేయగలరా?