రోడ్డుకీ డ్రాగ్‌కీ ఒకే బండి: బటన్ షిఫ్టర్ ఎయిర్‌దా, ఎలక్ట్రిక్‌దా?

బండి 2008 హయబుసా, 1340 సీసీ, నేనుండేది డల్లాస్ దగ్గర. రోజూ ఆఫీసుకి అదే, నెలకి రెండు మూడు రాత్రులు ఎన్నిస్‌లో ఉన్న టెక్సస్ మోటార్‌ప్లెక్స్ డ్రాగ్ స్ట్రిప్‌కి (తిన్నగా ఉండే రేస్ ట్రాక్) కూడా అదే.

సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఎయిర్ షిఫ్టర్ (బటన్ నొక్కితే గాలి ఒత్తిడితో గేర్ మార్చేది) కొని నేనే బిగించాను, బటన్ హారన్‌దే వాడాను (మొన్న సిగ్నల్ దగ్గర ఎవడో అడ్డమొస్తే అలవాటుగా హారన్ నొక్కా, గేర్ మారింది, వాడికి మాత్రం ఏం వినపడలేదు). ఫుల్ థ్రాటిల్‌లో 65 మిల్లీసెకన్ల కిల్ (గేర్ మారేటప్పుడు ఇంజిన్‌ని క్షణం కట్ చేసే టైమ్) పెడితే స్ట్రిప్ మీద వెన్నలా పడుతుంది, అదే రోడ్డు మీద 4000 ఆర్‌పీఎంలో సగం థ్రాటిల్‌తో నొక్కితే బండి ముక్కు కిందకి గుద్దినట్టు ఊగుతుంది. 50కి తగ్గించా, రెండు నుంచి మూడుకి సరిగ్గా పడక మధ్యలో ఆగిపోతోంది. 80 పెడితే కుదుపు ఇంకా ఎక్కువ.

పైగా రాత్రి షిఫ్టర్‌కి గాలి 130 పీఎస్‌ఐ నింపితే పొద్దున్నకి 60. సబ్బు నీళ్ళు పోసి చూస్తే సిలిండర్ దగ్గర ఎల్బో ఫిట్టింగ్‌లో బుడగలు, టెఫ్లాన్ టేప్ రెండుసార్లు మార్చా, ఫిట్టింగే కొత్తది వేశా, అయినా దిగుతూనే ఉంది.

ఎలక్ట్రిక్ దానికి గాలి గోల లేదు, డౌన్‌షిఫ్ట్‌కి కూడా బటన్ పెట్టుకోవచ్చు, కానీ గేర్‌ని కదిపే సోలెనాయిడ్ (కరెంట్‌తో పనిచేసే అయస్కాంతం) బటన్ నొక్కిన ప్రతిసారీ కరెంట్ గట్టిగా లాగుతుంది, నాదేమో చిన్న లిథియం బ్యాటరీ.

రెండూ వాడినవాళ్ళు ఎవరైనా చెప్పండి, నూటికి ఎనభై రోడ్డు మీదే తిరిగే ఈ బండికి ఎయిర్‌దే రిపేర్ చేసుకోనా, ఎలక్ట్రిక్‌కి మారిపోనా?