హైదరాబాద్ శరణార్థి బస్తీల్లో పనిచేసే సంస్థలన్నిటికీ ఒకే ఉమ్మడి జాబితా ఉండాలా?

పాతనగరవాసి (చర్చ ప్రారంభం):
బాలాపూర్ పరిసరాల్లో, మయన్మార్ (బర్మా) నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాల బస్తీల్లో రెండేళ్లుగా స్వచ్ఛందంగా పనిచేస్తున్న అనుభవంతో ఈ ప్రతిపాదన చేస్తున్నాను. రంజాన్ నెలలో రోడ్డుకు ఆనుకొని ఉన్న గుడిసెలకు బియ్యం, నూనె, పప్పు సంచులు మూడేసి చొప్పున అందుతాయి. లోపలి ప్లాట్లలో నేల అద్దె కట్టి గుడిసెలు వేసుకున్నవారికి ఒక్కటి కూడా అందదు. ఒక గర్భిణి తన ఊరు, తాను దాటివచ్చిన దారి, చనిపోయిన బిడ్డ సంగతి ఒకే నెలలో నాలుగు సంస్థలకు నాలుగుసార్లు చెప్పుకోవలసి వచ్చింది, అయినా ఆసుపత్రికి ఆమె వెంట వెళ్లడానికి నలుగురిలో ఒక్కరూ లేరు. ప్రతి సంస్థా తన పుస్తకంలో తాను రాసుకుంటుంది, పక్క సంస్థ పుస్తకంలో ఏముందో తెలియదు. కుటుంబం పేరు, ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డు సంఖ్య, గుడిసె ఉన్న చోటు, అందిన సహాయం, ఈ నాలుగూ ఒకే ఉమ్మడి జాబితాలో ఉంటే ఈ దుస్థితి చాలావరకు తొలగుతుందని నా అభిప్రాయం. ఇందుకు అభ్యంతరం ఉన్నవారు కారణం కూడా చెప్పాలని కోరుతున్నాను.

లెక్కలపద్దు:
సంస్థలు కలిసి పనిచేయకపోవడానికి అహంకారమే కారణమని చాలామంది అనుకుంటారు. లెక్కలు రాసేవాడిగా నాకు కనిపించే కారణం వేరు. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించిన తరువాత, ఆ చట్టం కింద నమోదైన ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధిని నమోదైన మరో సంస్థకైనా సరే బదిలీ చేయడానికి వీల్లేదు. పరిపాలనా ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అంతకుముందు పెద్ద సంస్థ నిధి తెచ్చేది, బస్తీలో నలుగురికీ తెలిసిన చిన్న సంస్థ పని చేసేది. ఆ అమరిక ఆగిపోయింది. ఇప్పుడు ఉమ్మడి జాబితా పెడితే దాన్ని నిర్వహించే మనిషికి జీతం ఏ సంస్థ పద్దులో చూపాలి? ఎవరి పద్దులో చూపితే జాబితా వారిదే అవుతుంది, తక్కిన సంస్థలు క్రమంగా దూరం జరుగుతాయి.

తీరప్రాంతం:
పాతనగరవాసి గారూ, మీ ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు గాని ప్రతిపాదనను మాత్రం గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. బంగ్లాదేశ్‌లో రోహింగ్యా శిబిరాలున్న కాక్స్ బజార్‌లో కొంతకాలం పనిచేశాను. 2017 ఆగస్టు తరువాత ఏడు లక్షల మందికి పైగా సరిహద్దు దాటి వచ్చిన ఆ చోట పదుల కొద్దీ సంస్థల మధ్య పని పంపిణీ జరగకపోతే నీళ్లు కూడా అందేవి కావు, కనుక సమన్వయం విలువ నాకు తెలుసు. అయితే అక్కడ బంగ్లాదేశ్ ప్రభుత్వమూ యూఎన్‌హెచ్‌సీఆరూ కలిసి నమోదు చేసిన వివరాల్లో 8 లక్షల మందికి పైగా శరణార్థుల సమాచారం మయన్మార్ ప్రభుత్వానికి చేరిందని, వారిలో చాలామందికి ఆ సంగతి సరిగా తెలియజేయలేదని 2021 జూన్‌లో మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ వెల్లడించింది. తాము అనుమతి తీసుకునే చేశామని యూఎన్‌హెచ్‌సీఆర్ సమాధానమిచ్చింది. ఎవరి మాట నమ్మినా, ఎవరి నుంచి పారిపోయి వచ్చారో వారి చేతికే పేర్లు చేరాయన్నది మిగిలే నిజం.

మన దేశం సంగతి ఇంకా సున్నితం. 1951 శరణార్థుల ఒప్పందంపై గాని, 1967 ప్రోటోకాల్‌పై గాని భారత్ సంతకం చేయలేదు. చట్టం దృష్టిలో వీరు పత్రాలు లేని విదేశీయులు మాత్రమే. 2021 మార్చిలో జమ్మూలో వివరాల పరిశీలనకని పిలిస్తే వెళ్లినవారిలో 150 మందికి పైగా హీరానగర్ నిర్బంధ కేంద్రానికి చేరారు. మీరు సదుద్దేశంతో తయారుచేసే జాబితాను రేపు ఒక అధికారి నోటీసిచ్చి అడిగితే, ఏ సంస్థ లేదనగలదు?

విశాఖ పాఠకురాలు:
తీరప్రాంతం గారి మాటతో మా ఇంటి సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది. 1962లో సైనికాధికారి నే విన్ అధికారంలోకి వచ్చాక బర్మా నుంచి తిరిగివచ్చిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. కంచరపాలెం బర్మా క్యాంపులో మా అమ్మమ్మ బతుకు మొదలైంది. జాబితాలో పేరెక్కిన రోజును ఆమె పండుగలా చెప్పుకునేది. ఆనాడు ఆ జాబితా రాసిన ప్రభుత్వం ఆమెను తన మనిషిగా లెక్కించింది కనుక పేరు ఎక్కడమే రక్షణ అయింది. అదే బర్మా నుంచి వచ్చి బాలాపూర్‌లో ఉంటున్నవారికి పేరు ఎక్కడం ఎందుకు భయమో నాకు ఈ చర్చ చదివాకే అర్థమైంది.

సంకేతలిపి:
ఒకే కుటుంబానికి సహాయం మళ్లీ మళ్లీ అందడాన్ని పేర్లు లేకుండానే పట్టుకునే మార్గం ఉంది. ప్రపంచ ఆహార కార్యక్రమం నడుపుతున్న బిల్డింగ్ బ్లాక్స్ వ్యవస్థను ఉక్రెయిన్‌లో సంస్థలు ఇందుకే వాడాయి: గుర్తింపు సంఖ్యను సంకేతంగా మార్చి, ఆ సంకేతానికి ఇప్పటికే సహాయం అందిందా లేదా అన్నది మాత్రం సరిచూసుకుంటారు.

తీరప్రాంతం:
కోట్ల జనాభా ఉన్న దేశానికి అది సరిపోవచ్చు. కార్డు సంఖ్యలో ఉండే అంకెలు కొన్నే, బస్తీలో కుటుంబాలూ కొన్నే. సాధ్యమైన సంఖ్యలన్నిటినీ వరుసగా సంకేతాలుగా మార్చి పోల్చి, ఏ సంకేతం ఎవరిదో కనిపెట్టడానికి మామూలు కంప్యూటర్ చాలు. ఈ లోపాన్ని సరిదిద్దే పద్ధతులున్నా, సంకేతాలను తయారుచేసే రహస్య తాళాన్ని ఎవరి దగ్గర ఉంచాలన్నది మళ్లీ లెక్కలపద్దు గారి ప్రశ్నే.

పాతనగరవాసి:
ఉమ్మడి జాబితా ప్రతిపాదనను ఉపసంహరించుకుంటున్నాను. జమ్మూ ఉదంతం నాకు తెలిసినదే. దాన్ని బియ్యం సంచులతో కలిపి ఆలోచించకపోవడం నా పొరపాటు. అయితే, జాబితా వద్దన్నంత మాత్రాన ఎవరి పుస్తకం వారిదే అనే పద్ధతిని నేను అంగీకరించలేను. మనుషుల పేర్లు పంచుకోకుండా పనులు పంచుకోవచ్చు. ఏ ప్లాటు ఏ సంస్థదో రంజాన్‌కు నెల ముందే తేల్చుకోవడానికి ఎవరి కార్డు సంఖ్యా అక్కర్లేదు. రోహింగ్యా భాష, ఉర్దూ రెండూ వచ్చిన దుబాసీలు ఇద్దరే ఉన్నారు, నాలుగు సంస్థలూ ఒకే ఉదయం వారిని పిలుస్తున్నాయి. వారి వారాలను పంచుకోవడానికి ఒక కాగితం చాలు, ఎవరి డబ్బు వారే చెల్లిస్తే చట్టానికీ అడ్డం రాదు. ఆరోగ్య వివరాల కాగితం ఆ గర్భిణి చేతిలోనే ఉండాలి. ఎవరికి చూపాలో ఆమె నిర్ణయించుకుంటుంది.

ఒక్క చిక్కు మిగిలింది. వర్షాకాలంలో ఆ గుడిసెల్లో కాగితం నిలవదు. ప్లాస్టిక్ కవరు ఇస్తే పొయ్యి పక్కన కరిగిపోయిందని ఒకామె నాకు చూపించింది.