ఓట్స్ బంకలా కాకుండా పలుకుగా రావాలంటే ఎలా వండాలి?

పొద్దుటి_గిన్నె:

ఓట్స్ తినడం అలవాటు చేసుకుందామని మొదలుపెట్టాను కానీ ఆ మెత్తదనం దగ్గరే ఆగిపోతున్నా. రుచితో నాకు పేచీ లేదు, ఆ వాసన కూడా ఇష్టమే. నోట్లో పెట్టుకుంటే నమలడానికి ఏమీ ఉండదు, జారిపోతుంది, చెంచా ఎత్తితే బంకలా సాగుతుంది, కాస్త ఆలస్యమైతే గిన్నెలో అంతా ఒకటే ముద్ద. నేను వండే పద్ధతి చెప్తా: ఒక కప్పు ఓట్స్, రెండున్నర కప్పుల పాలు, రెండూ చల్లగా ఉండగానే గిన్నెలో పోసి స్టవ్ మీద పెడతా, అడుగంటకుండా కలుపుతూనే ఉంటా, చిక్కబడగానే దించేస్తా. ప్యాకెట్ మీద క్విక్ కుకింగ్ అని ఉంది. పైన బాదం, వాల్‌నట్స్ వేసుకోమని చాలామంది చెప్తారు. వేసి చూశాను, అవి కరకరలాడతాయి, కింద ఉన్నది మాత్రం అదే జావ. నాకు కావాల్సింది ఓట్సే పంటికి తగిలేలా ఉండటం. అసలు సాధ్యమేనా? మామూలు రోజుల్లో పావుగంటకు మించి టైమ్ ఉండదు, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

సన్నసెగ:

బాగా సాధ్యమే. ముందు ఆ ప్యాకెట్ మార్చండి, సగం సమస్య అక్కడే ఉంది.

ఓట్ గింజ పొట్టు తీశాక గట్టిగానే ఉంటుంది. దాన్ని బ్లేడుతో రెండు మూడు ముక్కలు చేస్తే స్టీల్ కట్. ఆవిరి పట్టించి రోలర్ల మధ్య నొక్కితే రోల్డ్ ఓట్స్. క్విక్ ఓట్స్‌ని ముందు ముక్కలు చేసి, తర్వాత ఇంకా పల్చగా నొక్కుతారు. రెండు రకాలనీ అరచేతిలో పక్కపక్కన పోసి చూడండి. రోల్డ్ ఓట్స్‌లో ఒక్కో రేకు గుండ్రంగా, అంచులు తెగకుండా, మధ్యలో గింజ గీత కనిపించేంత మందంగా ఉంటుంది. క్విక్ రకంలో చిన్న చిన్న పెళుసు ముక్కలు, వాటి మధ్య కాస్త పిండి కూడా. అంత పల్చటి ముక్కలోకి నీళ్లు ఇట్టే దూరిపోతాయి కాబట్టి మీరెంత జాగ్రత్తగా వండినా పలుకు నిలవదు. ఇన్‌స్టంట్ అయితే ఇంకా ముందే సగం ఉడికినట్టు లెక్క, దాని జోలికే వెళ్లకండి.

ఇక ఆ బంక ఎక్కడిదంటే, ఓట్స్‌లో పిండిపదార్థంతో పాటు బీటా గ్లూకాన్ అనే నీళ్లలో కరిగే పీచు ఉంటుంది. ఇంచుమించు 60 డిగ్రీల వేడి దాటేసరికి పిండి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, పీచు బయటికి వచ్చి నీళ్లని చిక్కగా చేస్తుంది. ఆ పీచు ఒంటికి మంచిదే, కాకపోతే అది గింజలో ఉండాలి కానీ గిన్నెంతా పరుచుకోకూడదు. చల్లటి పాలతో మొదలుపెడితే ఓట్స్ గోరువెచ్చటి తడిలో చాలాసేపు నానతాయి, పైగా మీరు కలుపుతున్న ప్రతిసారీ రేకుల అంచులు అరిగి ఆ జిగురంతా బయటికి వస్తుంది. అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టేది ఆ కలపడమే అని నా నమ్మకం.

నేను చేసేది ఇది. వెడల్పాటి మూకుడులో రోల్డ్ ఓట్స్ నూనె లేకుండా సన్నసెగ మీద దోరగా వేయిస్తా, నాలుగైదు నిమిషాలు, రంగు కొంచెం మారి కమ్మటి వాసన వచ్చేదాకా. పక్క స్టవ్ మీద ఎసరు పెట్టేస్తా. కప్పు ఓట్స్‌కి కప్పున్నర నీళ్లు, అంతకు మించి వద్దు. చిటికెడు ఉప్పు అందులోనే వేస్తా. ఎసరు తెర్లుతున్నప్పుడు ఓట్స్ పోసి ఒక్కసారి, ఒక్కసారే కలిపి సెగ తగ్గించి వదిలేయండి. మూడు నాలుగు నిమిషాల్లో పైన నీళ్లు కనబడవు, రేకుల మధ్య చిన్న చిన్న గుంటలు పడి వాటిలోంచి ఆవిరి వస్తుంటుంది. అప్పుడు స్టవ్ కట్టేసి మూత పెట్టి మూడు నిమిషాలు ఆగండి. మిగిలిన తడి ఆవిరికే లోపలికి వెళ్లిపోతుంది. ఒక రేకు తీసి వేళ్ల మధ్య నొక్కితే నలిగిపోకుండా వంగాలి, అదే గుర్తు. మొత్తం పావుగంటలో అయిపోతుంది.

గింజమనిషి:

రోల్డ్‌తో ఎన్ని తిప్పలు పడినా స్టీల్ కట్‌కి ఉన్న పలుకు రాదండీ, నేనైతే అదే చెప్తా. ఒక్కో ముక్క విడిగా పంటికి తెలుస్తుంది, లోపల కాస్త గట్టిగా ఉంటుంది. కప్పుకి మూడు కప్పుల నీళ్లు, ఇంకా గట్టిగా కావాలంటే రెండున్నర. మరిగే నీళ్లలోనే వెయ్యాలి, సన్నసెగ మీద 20 నుంచి 25 నిమిషాలు. టైమ్ లేదన్నారు కాబట్టి చెప్తున్నా, రాత్రి చల్లటి నీళ్లు పోసి ఫ్రిజ్‌లో నానబెడితే పొద్దున పదీ పన్నెండు నిమిషాల్లో ఉడుకుతాయి. లేదంటే సెలవు రోజు ఎక్కువగా వండి చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టుకోండి, మూడు నాలుగు రోజులు బాగానే ఉంటుంది. వండిన గిన్నెని రాత్రంతా స్టవ్ మీదే బయట వదిలేసే అలవాటు కొందరికి ఉంది, అది మాత్రం వద్దు, ఉడికిన ధాన్యం గది వేడిలో అన్ని గంటలు ఉంటే పాడవుతుంది.

సన్నసెగ:

స్టీల్ కట్ పలుకు గొప్పగా ఉంటుంది, నిజమే. కానీ రోల్డ్‌తో రాదు అనడం ఒప్పుకోను. ఒకటికి రెండు, రెండున్నర చొప్పున నీళ్లు పోసి వండితే ఎవరికీ రాదు, ఒకటికి ఒకటిన్నర చొప్పున పోసి గరిటె పక్కన పెట్టేసి చూడండి.

పొడిపొడి:

గుడ్డు తినేవాళ్లయితే ఇంకో దారి ఉంది, నాకు అన్నిటికంటే ఇదే నచ్చింది. ఓట్స్ గింజ గింజా విడివిడిగా ఉండాలి, జావ ఛాయలే వద్దు అనుకుంటే ఇది చేయండి.

ఒక కప్పు రోల్డ్ ఓట్స్‌లో ఒక గుడ్డు కొట్టి వేసి, ప్రతి రేకుకీ పట్టేలా చెంచాతో బాగా కలపాలి. చూడటానికి తడితడిగా, అక్కడక్కడ ఉండలుగా ఉంటుంది, కంగారు పడకండి. మూకుడులో చెంచా వెన్న వేసి మీడియం సెగ మీద ఇది వేసి గరిటెతో విడదీస్తూ వేయించండి. మొదట్లో గరిటెకి అంటుకుంటుంది, మూడు నిమిషాలయ్యేసరికి తడి పోయి ఉండలు విడిపోతాయి, కలుపుతుంటే గలగలమని పొడి చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వచ్చేదాకా నీళ్లు పోయకండి. తర్వాత ముప్పావు కప్పు వేడినీళ్లు, ఉప్పు వేసి, మూత లేకుండా నీళ్లు ఇంకిపోయేవరకు ఉంచితే సరి. ఐదు నిమిషాల పని. గుడ్డు గట్టిపడి రేకు చుట్టూ పొరలా ఉంటుంది కాబట్టి లోపలి జిగురు అంతగా బయటికి రాదు. ఈ పద్ధతిలో మాత్రం కలిపినా ఫర్వాలేదు.

గుడ్డు వాసన వస్తుందేమో అని అడుగుతారు, బాగా వేగితే రాదు. తీపిగా కావాలన్నా కారంగా కావాలన్నా రెండిటికీ పనికొస్తుంది.

పొద్దుటి_గిన్నె:

చాలా థాంక్సండీ అందరికీ, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. అందరూ నీళ్లే అంటున్నారు, మరి పాలు? నాకు పాలు లేకపోతే వెలితిగా ఉంటుంది. ఇంకోటి, వండకుండా రాత్రంతా పాలల్లో నానబెట్టి చల్లగా తినే ఓవర్‌నైట్ ఓట్స్‌లో ఈ పలుకు ఉంటుందా?

సన్నసెగ:

పాలు మానక్కర్లేదు, చివర్లో పోసుకోండి. పాలల్లో వండితే పొంగుతాయి, అడుగంటుతాయి, ఆ టెన్షన్‌కి కలుపుతూనే ఉండాల్సి వస్తుంది, కలిపితే బంక. అందుకే నీళ్లలో గట్టిగా వండేసి, గిన్నెలోకి తీసుకున్నాక చుట్టూ పాలు పోయండి. ఓట్స్ మధ్యలో దిబ్బలా నిలబడాలి, పాలు పక్కన ఉండాలి, తినేటప్పుడు చెంచాలో రెండూ కలుస్తాయి. కలిపేసి పక్కన పెడితే మాత్రం పది నిమిషాల్లో మళ్లీ మొదటికే వస్తుంది.

ఓవర్‌నైట్‌లో అసలు వేడే తగలదు కాబట్టి పిండి ఉబ్బదు, నమలడానికి ఉంటుంది కానీ అది వేరే రకం పలుకు, తోలులా సాగుతూ ఉంటుంది. కొందరికి అదే ఇష్టం. కప్పుకి కప్పు పాలు మించకుండా పోసి, రోల్డ్ ఓట్స్ వాడి చూడండి. చియా గింజలు వేయమని చాలాచోట్ల రాస్తారు, అవి నీళ్లు పీల్చి గట్టిపరిచే మాట నిజమే కానీ ఆ గట్టిదనం జెల్లీలా ఉంటుంది, మీరు అడిగింది అది కాదు.

గింజమనిషి:

ఇంట్లో ఒవెన్ ఉంటే సెలవు రోజు బేక్ చేసి చూడండి. రెండు కప్పుల రోల్డ్ ఓట్స్, కప్పున్నర పాలు, ఒక గుడ్డు, ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్, ఉప్పు, తీపికి బెల్లమో తేనో. కలిపి వెన్న రాసిన ట్రేలో పోసి 180 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు. పైన గోధుమరంగు వచ్చి, ట్రే కదిపితే మధ్యలో కదలకుండా ఉండాలి. పది నిమిషాలు ఆగి ముక్కలు కొయ్యండి, వేడిగా ఉన్నప్పుడే కోస్తే విరిగిపోతుంది. అంచు ముక్కలు భలే ఉంటాయి.

పొడిపొడి:

వండింది మిగిలితే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. నీళ్లు పోసి మళ్లీ వేడి చేస్తే ఎంత బాగా వండినా జావే అవుతుంది. దానికి బదులు వేడిగా ఉండగానే పళ్లెంలోనో డబ్బాలోనో వేలెడు మందాన పరిచి, గరిటె వెనకతో అదిమి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లబడ్డాక పిండి బిగుసుకుని పలకలా గట్టిపడుతుంది. పొద్దున చాకుతో ముక్కలు కోసి పెనం మీద కాస్త వెన్న వేసి రెండువైపులా ఎర్రగా కాల్చండి. ఒకవైపు పూర్తిగా కాలకముందే తిప్పితే పెనానికి అంటుకుని చెదిరిపోతుంది, అట్లకాడ పెడితే దానంతటదే ఊడి వచ్చేదాకా ఆగాలి. దీనికి రోల్డ్ అయినా స్టీల్ కట్ అయినా ఒకటే. చెప్పాలంటే మీ దగ్గర మిగిలిపోయిన ఆ క్విక్ ప్యాకెట్ కూడా దీనికి పనికొస్తుంది, జిగురు ఎక్కువ కాబట్టి ముక్క ఇంకా బాగా నిలబడుతుంది, పారేయకండి.