పాత ట్రావెలర్‌ని ఇల్లులెక్క చేస్తున్న: వంటకు గ్యాసా, ఇండక్షనా?

మిర్యాలగూడ పిల్లగాడు:
అన్నలు, మా బావ దగ్గర పాత ఫోర్స్ ట్రావెలర్ వ్యాను ఉన్నది, నాకిస్త అంటున్నడు. సీట్లు తీసేసి రెండు మంచాలు, చిన్న కిచెన్, పైన సోలార్ పెట్టించి అమ్మ, నాయిన, మా ఆమె, పాపతోని ఓ ఏడాది తిరుగుదామని ప్లాన్. సాగర్, శ్రీశైలం నుంచి మొదలువెట్టి కాశి దాక. పైసలకు ఫికర్ లేదు, బైపాస్ కాడి ప్లాట్ అమ్మేస్తున్న. డౌటు ఒక్కటే, వంటకు గ్యాస్ పెట్టాల్నా, ఇండక్షన్ పెట్టాల్నా?

బ్యాటరీ భాయ్ నల్గొండ:
ఇండక్షన్. ఇంకో మాట లేదు. గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోదు, ఫ్లోర్ మీదనే పేరుకుంటది, కిటికీ తెరిచినా పోదు. 2023 ఆగస్టుల మదురై కాడ ఆగి ఉన్న టూరిస్ట్ బోగీల, దొంగచాటుగ తెచ్చిన సిలిండర్‌తోని మంటలొచ్చి 9 మంది పోయిండ్రు. యాత్రకొచ్చినోళ్లే వాళ్లు గూడ.

పాలమూరు స్టీరింగ్:
రైలు వేరు బండి వేరు భాయ్. నేను ట్రావెల్స్ బండి నడిపినోన్ని. యాత్రలకు పోయేటప్పుడు వంటాయన సిలిండర్, పెద్ద గంజు డిక్కీల ఏస్కొని వస్తడు, ఆగినకాడ చెట్టు కింద దించి వండుతడు, బండి లోపల అగ్గిపుల్ల గీకనియ్యం. ఖర్చు గూడ ఏముంటది. నీ ఇండక్షన్ 1200 వాట్లు అంటే 12 వోల్టుల బ్యాటరీ మీద వంద ఆంపియర్లు దాటి గుంజుతది, మెకానిక్ సన్న వైరు ఏసిండనుకో, గ్యాస్ అవసరం లేకుండనే బండి అంటుకుంటది.

బ్యాటరీ భాయ్ నల్గొండ:
సన్న వైరు ఎవడు ఎయ్యమన్నడు? 35 స్క్వేర్ ఎంఎం మందం కాపర్ వైరు ఏసి బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ పెడ్తరు. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం బ్యాటరీ అంటే 1280 వాట్ అవర్లు, పొయ్యి దగ్గర దగ్గర గంట నడుస్తది, రెండు పెట్టుకుంటే రెండు పూటలు ఎల్తయి. 400 వాట్ల ప్యానెల్ మన ఎండకు రోజుకు యూనిట్‌న్నర ఇస్తది, మిగిలింది బండి నడిచేటప్పుడు ఇంజన్‌తోని తిరిగి కరెంటు చేసే ఆల్టర్నేటర్ నుంచి డీసీ డీసీ చార్జర్ బ్యాటరీకి ఎక్కిస్తది.

పాలమూరు స్టీరింగ్:
ఆ ఎండ సంగతే అడుగుతున్న. మే నెలల నల్గొండల 45 డిగ్రీలు, మూసిన బండి లోపల ఇంకా ఎక్కువ. 45 దాటితే చార్జింగ్ పెట్టొద్దని చానా లిథియం బ్యాటరీలకు రాసే ఉంటది. నువ్వు అమ్ముకునేటోనివి, గది చెప్పవు.

బ్యాటరీ భాయ్ నల్గొండ:
అమ్ముకుంట, తప్పా? ఒకాయన లిథియం వద్దు, ఇంట్ల ఇన్వర్టర్‌కు పెట్టే ట్యూబులర్ బ్యాటరీయే కావాలని మొండికేసిండు. ఒక్కోటి 50 కిలోల పైన ఉంటది, సగం కంటే కిందికి దించొద్దని మొత్తుకున్న, రోజూ ఖాళీ చేసి పాడుచేసిండు, మిగిలిన పైసలు ఎగ్గొట్టిండు. అందుకే చెప్తున్న లిథియం పెట్టుమని.

హుజూర్‌నగర్ లారీ:
పైసలు ఎగ్గొడితే అది బ్యాటరీ తప్పా భాయ్ 😂

కోదాడ రూల్స్:
పొయ్యి తర్వాత, ఆర్సీ సంగతి చూసినవా తమ్మీ? మోటార్ వెహికిల్స్ చట్టంల సెక్షన్ 52 ఉన్నది. కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడాగా బండిని మార్చొద్దని 2019 జనవరిల సుప్రీంకోర్టు చెప్పింది. క్యారవాన్లకు, అంటే గిట్ల ఇల్లులెక్క చేసిన బండ్లకు, ఏఐఎస్ 124 అని వేరే స్టాండర్డే ఉన్నది. సీట్లు పీకినంక రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సోళ్లు మొదలు అడిగేది గదే. ముందు ఆర్టీఏల కాగితం రాయించుకో.

పాలమూరు స్టీరింగ్:
అందుకే వద్దంటున్న.

దేవరకొండ అక్క:
ఇంతమంది మగోళ్లు పొయ్యి గురించి కొట్లాడబట్టిరి, బాత్రూం గురించి ఒక్కడన్న అడిగిండా? శ్రీశైలం పోయేటప్పుడు మన్ననూర్ కాడి అడవి చెక్‌పోస్ట్ గేటు రాత్రి 9కి మూస్తే పొద్దున 6కే తీస్తరు. మేము లేటుగ పోయి లైన్ల పడ్డం, మా అత్తమ్మకు షుగర్, రాత్రంత చీకట్ల చెట్ల సాటుకు నేను టార్చి పట్టుకొని తోలుకపోవుడే. మా ఆయన సీటు వంచుకొని గుర్రు పెట్టిండు. ముసలోళ్లను ఏడాది తిప్పుతవంట, ముందు ఆ డబ్బా టాయిలెట్ పెట్టు, దాన్ని దినాం ఎవరు పారబోస్తరో గూడ ఇప్పుడే మాట్లాడుకోండ్రి, ఆఖరుకు మీ ఆమె నెత్తిమీదనే పడ్తది.

పాలమూరు స్టీరింగ్:
బాత్రూం అంటే నీళ్లు. 200 లీటర్లు అంటే 200 కిలోలు, ట్యాంకు ఒక పక్కకు పెడితే ఘాట్ల బండి గుంజుతది. వద్దు.

బ్యాటరీ భాయ్ నల్గొండ:
గ్యాస్ లోపల వద్దు, ఇండక్షన్ వద్దు, బాత్రూం వద్దు. నీ బాధ పొయ్యి కాదన్నా. అసలేంది?

పాలమూరు స్టీరింగ్:
చెప్పాల్నా? చెప్త. మాది కోస్గి దిక్కు. మా అయ్య అమ్మ బొంబాయి పోయి మట్టి పని చేసిండ్రు, రోడ్డు పక్కన కవర్ కట్టుకొని అండ్లనే వంట, అండ్లనే పండుడు, నేను అండ్లనే పెరిగిన. ఆ పైసలతోని ఊర్ల రెండర్రలు ఏస్కున్నం. ఈయన ప్లాట్ అమ్మి రోడ్డు మీద బతుకుత అంటుంటే నువ్వు వైరు మందం చెప్పవడ్తివి. ఒక్కడన్న ప్లాట్ ఎందుకు అమ్ముతున్నవురా అని అడిగిండా? ఏడాది అయినంక బండి దిగి యాడికి పోతడు?

దేవరకొండ అక్క:
గది ముందే అడగాల్సింది అన్నా, అంతసేపు ఆంపియర్లు ఎందుకు చెప్పినవ్.

మిర్యాలగూడ పిల్లగాడు:
అన్నా మీ మాట కాదనను, కానీ నాయినకు మోకాళ్లు పోతున్నయి, ఇంకో మూడేండ్లు ఆగితే ఆయనను ఏడికి తీస్కపోవాలె? ప్లాట్ మళ్ల కొనొచ్చు. ఉండనీకి ఊర్ల ఇల్లు ఉన్నది.

కోదాడ రూల్స్:
ప్లాట్ ఎవరి పేరు మీద ఉన్నది?

మిర్యాలగూడ పిల్లగాడు:
నాయిన పేరు మీద. ఇంకా చెప్పలే.

పాలమూరు స్టీరింగ్:
ఓరి నీ.

దేవరకొండ అక్క:
ముసలాయన తిరుగుత అన్నడా మరి, నువ్వే అనుకుంటున్నవా?

బ్యాటరీ భాయ్ నల్గొండ:
తమ్మీ లిథియం రేటు నీకు మెసేజ్ పెట్టిన. మీ నాయినతోని మాట్లాడినంకనే అడ్వాన్స్ ఇయ్యి, నాకు ఇంకో ఎగవేత కేసు వద్దు.