డ్రెస్డెన్‌లో స్నేహితురాలి ఇంట్లో ఎన్నాళ్ళు ఉండొచ్చు?

లెక్కల టీచర్, పర్లాకిమిడి:
అందరికీ నమస్కారం. ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. ఈ వేసవి సెలవుల్లో భుజానికి బ్యాగు తగిలించుకుని ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ తిరగాలని డబ్బు దాచుకున్నాను. ఒక్కదాన్నే వెళ్తానంటే ఇంట్లో ఒప్పుకోవడానికి కారణం ఒకటే. బరంపురం హాస్టల్లో నా రూమ్మేటు ఇప్పుడు జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉంటోంది. "అక్కడ మన పిల్ల ఉంది కదా" అని మా అమ్మ ఈ వీధిలోనే కాదు, పాతపట్నంలో చుట్టాలందరికీ కూడా చెప్పేసింది.

చిక్కు ఏమిటంటే, అది నన్ను సెలవులన్నీ వాళ్ళింట్లోనే ఉండమంటోంది. హోటళ్ళకి డబ్బు తగలెయ్యకు, ఇక్కడి నుంచే రోజుకో చోటికి వెళ్ళి రా అంటుంది. వాళ్ళది ఒక బెడ్‌రూమ్, హాలు ఉన్న ఇల్లు. నేను పడుకోవాల్సింది హాల్లో సోఫా మీద. వాళ్ళాయనకి చిప్ ఫ్యాక్టరీలో షిఫ్ట్ డ్యూటీ. ఆయన్ని పెళ్ళిలో చూడ్డమే తప్ప నాలుగు మాటలు మాట్లాడింది లేదు. మన ఊళ్ళో "ఇంకో రెండ్రోజులు ఉండి వెళ్ళండి" అంటే అది మనసులోంచి వచ్చిందో, మర్యాదకి అన్నదో ఇట్టే తెలిసిపోతుంది. ఫోన్లో నాకు తెలియట్లేదు.

వీసాకి తన దగ్గర నుంచి ఏం కాగితం కావాలి? ఏం పట్టుకెళ్ళొచ్చు? అమ్మ అప్పుడే నెయ్యి కాచేస్తోంది.

బరంపురం బాబాయి:
ఇందులో అంత ఆలోచన దేనికమ్మా? పిలిచింది స్నేహితురాలు. వెళ్ళి హాయిగా ఉండు. నువ్వు హోటల్లో దిగితే ఆ పిల్ల మనసు నొచ్చుకోదూ?

గుణుపురం అక్క:
బాబాయి గారూ, మీరు మేడ మీద నాలుగు గదులున్న ఇంట్లో కూర్చుని చెప్తున్నారు.

చెల్లీ, నేను లైప్‌జిగ్‌లో ఉంటాను, డ్రెస్డెన్‌కి రైల్లో గంటా గంటన్నర. మా ఇంటికి చుట్టాలూ స్నేహితులూ వస్తూనే ఉంటారు కాబట్టి పిలిచినవాళ్ళ వైపు నుంచి చెప్తాను. ఆ అమ్మాయి మనసుతోనే పిలిచి ఉంటుంది, అందులో అనుమానం పెట్టుకోకు. అయినా రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషి పగలు పడుకుంటే ఆ చిన్న ఇంట్లో ఇద్దరాడవాళ్ళు గుసగుసలాడుతూ ఎంతసేపు కూర్చుంటారు? "ఎన్నాళ్ళు ఉండను" అని అడిగితే ఎవరైనా "నీ ఇష్టం" అనే అంటారు. అది అడక్కు. "బావగారి షిఫ్ట్ చార్ట్ ఒకసారి పంపవే" అను. ఇక్కడ డ్యూటీ చార్టులు ముందుగానే వచ్చేస్తాయి. నైట్ డ్యూటీలు లేని రోజులు చూసి, శనాదివారాలు కలిసేలా మూడు రాత్రులు పెట్టుకో. మొదట అక్కడే దిగి, సామాను ఇచ్చేసి, తేలికైన బ్యాగుతో ప్రాగ్ వెళ్ళు. రైల్లో దాదాపు రెండున్నర గంటలు, దారి చాలావరకు ఎల్బే నది పక్కనే. బుడాపెస్ట్ నుంచి మళ్ళీ ప్రాగ్ మీదుగా వెనక్కి వచ్చి, చివర్లో రెండు మూడు రాత్రులు దాని దగ్గరే ఉండు. చెప్పుకోవాల్సిన కబుర్లన్నీ అప్పుడే ఉంటాయి.

వీసా సంగతి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. అన్నీ సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. నువ్వు మొదటా చివరా డ్రెస్డెన్‌లో ఉంటావు కాబట్టి మధ్యలో ఊళ్ళకి తలా మూడేసి రాత్రులు దాటకుండా చూసుకో, అప్పుడు జర్మనీ అవుతుంది. ఫీజు 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, పదిహేను రోజుల కంటే దగ్గరికి రానివ్వకు. 30,000 యూరోలకి తగ్గకుండా మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. మీ స్కూలు ఇచ్చే లెటరు ఒడియాలో ఉంటే ఇంగ్లీషులో మళ్ళీ రాయించుకో.

స్నేహితురాలి దగ్గర నుంచి మామూలు ఆహ్వానం లెటరు, పాస్‌పోర్టు కాపీ, అక్కడి రెసిడెన్స్ కార్డు కాపీ తీసుకో. ఏజెంట్లు ఎవరైనా "ఫెర్‌ఫ్లిష్టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్" తెప్పించమంటే కంగారు పడకు. అది నీ ఖర్చులన్నీ, అవసరమైతే నిన్ను వెనక్కి పంపే ఖర్చు కూడా, తామే భరిస్తామని వాళ్ళు విదేశీయుల ఆఫీసుకెళ్ళి 29 యూరోలు కట్టి సంతకం పెట్టే కాగితం. నీ బ్యాంకులో నీ డబ్బుంది. వాళ్ళ నెత్తిన ఆ బరువెందుకు?

ఇంట్లో రెండు జాగ్రత్తలు. ఇక్కడ చాలా ఇళ్ళకి తలుపు బయట తిప్పే పిడి ఉండదు. గాలికి మూసుకున్నా లోపలికి రాలేవు. తాళం తీసేవాణ్ణి పిలిస్తే మనకి గుండె ఆగే బిల్లు. చెత్త పడెయ్యడానికి వెళ్ళినా తాళంచెవి జేబులో ఉండాల్సిందే. రాత్రి పది దాటాక గట్టిగా నవ్వినా పక్కింటివాళ్ళు ఊరుకోరు. ఆదివారం షాపులుండవు, మే నెలలో పండగ సెలవులు కూడా పడతాయి, పాలూ కూరలూ శనివారమే తెచ్చిపెట్టు. ఆ ఖర్చు నువ్వే పెట్టుకో, దాన్ని అడక్కుండా.

ఆయన పడుకునే రోజు నువ్వు బస్టై కొండలకి వెళ్ళిరా. ఎస్1 లోకల్ రైలెక్కి రాటెన్‌లో దిగి, పడవలో నది దాటి పైకెక్కితే సరి. జర్మనీ అంతా లోకల్ రైళ్ళలో, బస్సుల్లో తిరగడానికి అందరూ చెప్పే 63 యూరోల నెల టికెట్టు నీకు దండగ. అది ఒకటో తారీఖు నుంచి నెలాఖరుకే లెక్క, పైగా 10లోపు రద్దు చెయ్యకపోతే వచ్చే నెలకీ డబ్బు కట్ అవుతుంది.

సోంపేట బ్యాక్‌ప్యాకర్:
టీచర్ గారూ, అక్క చెప్పిన రూటు బాగుంది. మీవి అన్నీ షెంగెన్ దేశాలే, అంటే ఒకే వీసాతో తిరగగలిగేవే, కాబట్టి తిరిగి రావడానికి ఇబ్బంది లేదు. ప్రాగ్‌లో కొరునాలు, బుడాపెస్ట్‌లో ఫోరింట్లు వాడతారు. యూరోలు మార్చేవాళ్ళ దగ్గర తొందరపడొద్దు, కార్డు వాడండి. ప్రాగ్ ట్రామ్‌లో కాగితం టికెట్టు కొంటే మిషన్‌లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే ఫైనే. హాస్టల్ లాకర్‌కి సొంత తాళంకప్ప పట్టుకెళ్ళండి.

లెక్కల టీచర్, పర్లాకిమిడి:
అక్కా, చాలా థాంక్స్. షిఫ్ట్ చార్ట్ అడిగాను. వెంటనే పంపింది, కింద "అమ్మయ్య, నేనెలా చెప్పాలా అనుకుంటున్నా" అని రాసింది! రెండో వారమంతా ఆయనకి నైట్ డ్యూటీలేనట. ఇంక నెయ్యి, ఖోవా స్వీట్లు, పచ్చి కరివేపాకు, ఎండుచేపలు... వీటిలో ఏవి తేవచ్చు?

గుణుపురం అక్క:
నెయ్యీ, ఖోవా, మాంసం పచ్చడీ వద్దు. పాలతో, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు, ఎండబెట్టి పొడి చేయించు. ఆవకాయ, కందిపొడి, చింతపండు, బరంపురం అప్పడాలు బాగా ప్యాక్ చేసి చెక్-ఇన్ బ్యాగులో పెట్టు. కొబ్బరికాయకి అడ్డు లేదు. ఎండుచేపలు సొంతానికి 20 కిలోల దాకా తేవచ్చు.

లెక్కల టీచర్, పర్లాకిమిడి:
నెయ్యి సంగతి అమ్మ నమ్మలేదు. 20 కిలోల సంగతి మాత్రం వెంటనే నమ్మింది.

గుణుపురం అక్క:
చెల్లీ, నీకు దణ్ణం పెడతాను. నువ్వు పడుకునేది వాళ్ళ హాల్లో, ఆ బ్యాగు పక్కనే.