అప్‌డేట్: నాన్నగారి పెంటియం 3 కంప్యూటర్ మళ్లీ లేచింది

గత నెల ఇక్కడ అడిగింది నేనే. 1999లో నాన్నగారు కొన్న పెంటియం 3 ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంటోంది, ఏం చేయాలని. ఎక్కువమంది పవర్ సప్లై మార్చమన్నారు. మార్చాను. డబ్బు దండగ.

అసలు దొంగలు ఇద్దరు. విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంటికి సముద్రపు గాలి నేరుగా తగులుతుంది. ర్యామ్ అంచున కాంటాక్టుల మీద పచ్చటి పొర కట్టింది. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే ‘బీప్’ వినిపించింది. కానీ పది నిమిషాలకే మెషిన్ బిగుసుకుపోయేది.

రెండో దొంగ ప్రాసెసర్ పక్కనే ఉంది. నెత్తి చదునుగా ఉండాల్సిన కెపాసిటర్లు (కరెంటును కాస్త దాచి, నిలకడగా అందించే చిన్న డబ్బాలు) మూడు పూరీల్లా ఉబ్బాయి, ఒకదాని నెత్తిన గోధుమరంగు పెచ్చు. డాబా గార్డెన్స్‌లో టీవీలు బాగుచేసే పెద్దాయన మార్చిపెట్టారు. ‘మామూలువి చాలవా బాబూ?’ అన్నారు. చాలవు, అక్కడ లో ఈఎస్ఆర్ రకమే, అంటే లోపలి నిరోధం తక్కువగా ఉండేవే వేయాలి. కెపాసిటీ (మైక్రోఫారడ్లు) పాతదానంతే ఉండాలి, వోల్టేజీ తగ్గకూడదు, నెగటివ్ గీత తిరగబడకూడదు.

బోర్డులోని సౌండ్ మాత్రం డాస్‌లో (విండోస్‌కు ముందటి ఆపరేటింగ్ సిస్టమ్) మూగనోము పట్టింది. పాతకాలపు కార్డులు పట్టే ఐఎస్ఏ స్లాట్‌లో సౌండ్ బ్లాస్టర్ 16 అనే పాత సౌండ్ కార్డు పెట్టి, డాస్ ఆటలు దాన్ని గుర్తుపట్టేలా సెట్టింగులు (పోర్ట్ 220, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1) ఇచ్చాను. రాత్రి పదకొండింటికి 1993 నాటి డూమ్ ఆటలో తుపాకీ పేలింది. వంటింట్లోంచి అమ్మ: ‘ఏమిటా మోత?’

హార్డ్ డిస్క్ ఇంకా మూలుగుతూనే ఉంది. దాని స్థానంలో కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు (పాత కెమెరాల్లో వాడే మెమరీ కార్డు) పెట్టాలని అడాప్టర్‌కు ఆర్డరిచ్చాను.