సమస్య: తావి లేని పూవె తావి జల్లె

నిర్వాహకుడు, సీతమ్మధార:
నిన్న సాయంత్రం పెరట్లో విచ్చుకుంటున్న మల్లెను ఫొటో తీశాను. కెమెరా లెక్కకే వదిలేస్తే తెల్లని రేకులు బూడిదరంగుకు దిగిపోయాయి. వెలుతురు కాస్త పెంచాను. తెలుపు తెలుపుగా నిలిచింది, రేకుల మడతల్లోని నీడ కూడా దక్కింది. దక్కనిది తావి, అంటే వాసన, ఒక్కటే. ఆ లోటులోంచే ఈ పాదం పుట్టింది. ఇదే నాలుగో పాదంగా ఆటవెలది పద్యం పూరించండి.

మరువం, గాజువాక:
మరువ మల్లె నడుమ మాలగాఁ గూర్చినఁ
జెలిమి చేత గుణము చేరు నండ్రు;
గంధ మెరుఁగనట్టి కనకాంబరమ్మైన
తావి లేని పూవె తావి జల్లె

కెమెరా జోలికి పోలేదు. దండ కట్టే చేతులకు తెలిసిన సంగతే రాశాను.

లఘువు, మర్రిపాలెం:
మరువం గారూ, రెండో పాదం హాయిగా ఉంది. మూడోదే చిక్కు. 'ఐనన్' ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట కదా, దాని మీద త దగా మారి 'తావి' 'దావి' కావాలి. అంటే సమస్యే మారిపోయింది! పైగా 'గంధ మెరుఁగనట్టి' అన్నాక మళ్లీ 'తావి లేని' పునరుక్తి. ఇక నా పూరణ:

సింహగిరినిఁ బూచు చెల్వంపు సంపంగి
వాల దళియు ఘాటు వాసనకును;
చిత్రమైన పిదపఁ జేరి తుమ్మెద వాలె;
తావి లేని పూవె తావి జల్లె

సంపెంగ మీద తుమ్మెద వాలదని కవిసమయం, కవులు పాటించే ఆనవాయితీ. బొమ్మకు వాసన లేదు కనుక ఆ అడ్డు తొలగింది.

మరువం:
'కనకాంబరపు రెమ్మ' అని సవరించుకున్నాను. మరి మీ 'వాలె' మాటేమిటి? అదీ ద్రుతాంతమే. వాక్యం ముగిసింది, విరామం ఉంది, కనుక 'తావి' మారనక్కర్లేదు అంటారు. సరే, ఒప్పుకుంటాను. కానీ తుమ్మెద వాలితే తావి ఎలా పుట్టింది? నాలుగో పాదం అతకలేదు. మొన్న శివపూజకు మొగలిపూవు తెచ్చిన పద్యంలోనూ ఇంతే, చమత్కారం కోసం ఆచారాన్నే పక్కన పెట్టారు.

లఘువు:
మొగలి శివుడికి పనికిరాదని నాకు తెలియదా? భక్తుడు ఎరుగక తెచ్చాడని రెండో పాదంలోనే చెప్పాను, మీరు చదవలేదు. ఇప్పుడు కూడా 'చిత్రమైన'లో శ్లేష మీ కంట పడలేదు.

నిర్వాహకుడు:
నా కంట పడింది. బొమ్మ అయిన, వింత అయిన, రెండర్థాలూ చక్కగా పలికాయి. అయినా అతకలేదన్న మరువం గారి మాట నిజమే.

వెన్నెలతీగ, ఎం.వి.పి. కాలనీ:
దూరదేశమందుఁ దోబుట్టు చెంతకు
ఫోను తెరను మల్లెపువ్వు చేరి,
అమ్మ జడను తురుము నానాళ్లు తలపించి
తావి లేని పూవె తావి జల్లె

మా చెల్లెలు అమెరికాలో ఉంటుంది. మేడ మీది కుండీలో పూసిన మల్లెను ఫొటో తీసి పంపాను. "అమ్మ రాసే కొబ్బరినూనె వాసన కూడా వచ్చిందక్కా" అని జవాబు రాసింది.

లఘువు:
భావానికి నమస్కారం. కానీ మూడో పాదంలో యతి, అంటే మొదటి అక్షరంతో నడిమి అక్షరానికి పొత్తు, ఏది? 'అ'కు 'నా' చెల్లదు.

వెన్నెలతీగ:
తురుము + ఆనాళ్లు. 'తురుము' (తురిమే) లాంటి ఉకారాంత తద్ధర్మ విశేషణానికి అచ్చు పరమైతే నుగాగమం వస్తుంది, అంటే నడుమ నకారం చేరుతుంది. చెవికి 'నా' వినిపించినా యతికి నిలిచేది 'ఆ'.

లఘువు:
పొరపాటు నాదే. చిన్నయసూరి వ్యాకరణ సూత్రం నోటికి వచ్చి ఉండీ ఇక్కడ గుర్తుకు రాలేదు.

మరువం:
పైగా 'తలపించి' కళ, అంటే ద్రుతాంతం కాని మాట. అందుకే 'తావి' చెక్కు చెదరలేదు. మా ఇద్దరి పద్యాల్లో లేని నిబ్బరం ఇదే. అమ్మా, ఆ ఫొటో ఏ వేళ తీశారు?

వెన్నెలతీగ:
పొద్దు గూకాక, మొగ్గ సగం విప్పినప్పుడు. సముద్రపు గాలికి కటకం మీద తేమ పట్టింది. తుడిచేలోపు వెలుతురు పోతుందని అలాగే తీశాను. పువ్వు చుట్టూ సన్నని మసక మిగిలింది. చెల్లెలికి నచ్చింది ఆ మసకే.

నిర్వాహకుడు:
వచ్చే వారం పాదం ఇవ్వవలసింది మీరే.

మరువం:
లఘువు గారూ, మొగలి పద్యం మళ్లీ తీసి చదివాను. 'ఎరుగక' రెండో పాదంలోనే ఉంది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తుమ్మెద మాట మాత్రం తీసుకోను.